అమ్మ అరికాళ్లకు తెలిసిన పిలుపు

నేను రక్తపరీక్షలు చేసే ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. రిపోర్టు చూడందే జ్వరమని కూడా ఒప్పుకునే రకం కాదు. ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోయేదాన్ని. ఇప్పటికీ ఆ మాట వాడటం నాకిష్టం లేదు. జరిగింది మాత్రం చెబుతాను.

మాది భీమిలి. అమ్మ తగరపువలసలో చేపలు అమ్మేది. నాలుగేళ్ల కిందట జ్వరం వచ్చి తగ్గాక ఆమెకి రెండు చెవులూ పూర్తిగా పోయాయి. చదువు రాదు కాబట్టి రాసి చూపించినా లాభం లేదు. మన పెదాలు చూసి, సైగలు చూసి అర్థం చేసుకుంటుంది. నాన్న పోయాక ఆమెను నా దగ్గరికి తెచ్చుకుని, పోర్టు దగ్గర వన్‌టౌన్‌లో ఒక ఇంటి పై వాటా అద్దెకు తీసుకున్నాను.

ఆ వాటాలో టైల్సు లేవు. గదులన్నిటికీ టేకు చెక్క నేల. ఇంటావిడ సత్యవతిగారు కింద వాటాలో ఒక్కరే ఉంటారు. ఆవిడ భర్త చనిపోయారు; ఆయన ఓడల మరమ్మతులో వడ్రంగి, ఆ నేల ఆయనే వేశారట. ఎందుకు వేశారో నేను అడగలేదు. అమ్మకి మాత్రం అది తెగ నచ్చింది. ఎవరు నడిచినా అరికాళ్లకి తెలుస్తోందని, పోయిన చెవులు మళ్లీ వచ్చినట్టుందని మురిసిపోయింది.

రెండో వారంలో, ఒక ఆదివారం మధ్యాహ్నం, ముందు గదిలో బట్టలు మడతపెడుతున్నాను. అమ్మ వంటగదిలోంచి వచ్చి, నన్ను చూడకుండానే వెనక గదిలోకి వెళ్లింది. అది ఖాళీ గది. తిరిగొచ్చి నన్ను చూసి నిలబడిపోయింది.

"ఇక్కడున్నావేటే? ఆ గదిలోంచి పిలిసినావు గదా, కాలితో మూడుసార్లు కొట్టి."

నేను కాదన్నాను. నేను డ్యూటీలో ఉన్నప్పుడు కూడా రోజూ అలాగే తెలుస్తోందట. కింద నుంచి ఇంటావిడ కొడుతోందేమో అనుకుందట ఇన్నాళ్లూ.

పోర్టు గూడ్సు బండ్ల అదురు అనుకున్నాను. సెలవు పెట్టి ఇంట్లో ఉండి, స్టీలు గ్లాసు నిండా నీళ్లు పోసి వెనక గదిలో నేలమీద పెట్టాను. గూడ్సు వెళ్లినప్పుడు నీళ్లు వణికాయి. అమ్మ పట్టించుకోలేదు. మధ్యాహ్నం మూడు గంటలు దాటాక తల ఎత్తి, మూడు వేళ్లు చూపించింది. అప్పుడు నీళ్లు కదల్లేదు. నాకేమీ వినిపించలేదు.

కిందకి వెళ్లి సత్యవతిగారిని అడిగాను. ఆవిడ తోటకూర ఒలుస్తున్నారు. మూడుసార్లు అన్న మాట వినగానే చెయ్యి ఆగిపోయింది.

అప్పట్లో వాళ్లు పై వాటాలోనే ఉండేవారట. ఆవిడకి పద్మ అని ఒక్కతే కూతురట. పుట్టు చెవుడు, మాట రాదు. మనుషులు వస్తే బిడ్డకి కాళ్ల కింద తెలియాలని తండ్రి ఆ చెక్కలు పరిచారు. అమ్మని పిలవాలంటే పద్మ మడమతో నేలని మూడుసార్లు కొట్టేది. పదో ఏట ఒక మధ్యాహ్నం, ఒళ్లు వెచ్చగా ఉండి వెనక గదిలో నిద్రపోతుంటే, ఈవిడ పూర్ణా మార్కెట్‌కి వెళ్లారు. వచ్చేసరికి ఫిట్స్ వచ్చి బిడ్డ పోయింది.

"నన్ను పిలిసిందో లేదో నాకు తెలీదమ్మా," అన్నారు. "పాతికేళ్లయింది. రోజూ అదే అనుకుంటన్నాను."

మర్నాడు మూడింటికి ఆవిడ పైకి వచ్చారు. చెప్పులు మెట్ల దగ్గరే వదిలి, వెనక గదిలో అమ్మ పక్కన కూర్చుని, రెండు అరచేతులూ నేలకి ఆనించారు. చాలాసేపు చూశారు. ఆవిడకి ఏమీ తెలియలేదు. అప్పుడు అమ్మ ఆవిడ చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, అరచేతిలో మెల్లగా మూడుసార్లు తట్టింది.

సత్యవతిగారు వంగి చెంప చెక్కకి ఆనించారు. "వచ్చీసినాను తల్లీ, వచ్చీసినాను," అంటూనే ఉన్నారు.

ఆ రోజు తర్వాత తనకేమీ తెలియడం లేదని అమ్మ నాతో చెప్పింది. సత్యవతిగారు మాత్రం రోజూ వస్తూనే ఉన్నారు. వచ్చి కూర్చుని, అమ్మ ముఖంలోకి చూసేవారు. అమ్మ తల అడ్డంగా ఊపేది. పది రోజులయ్యాక ఒకసారి, అమ్మ ఆవిడ చెయ్యి అందుకుని మళ్లీ మూడుసార్లు తట్టింది. ఆవిడ కళ్లు తుడుచుకుని, తేలికపడి కిందకి దిగారు.

మొదటిసారి ఆ మూడు దెబ్బలు, మాకెవరూ చెప్పకముందే అమ్మకి ఎలా తెలిశాయో నేను ఇప్పటికీ చెప్పలేను. ఈ రెండోసారి సంగతి అయినా తెలుసుకుందామని, నిజంగానే తెలిసిందా అని సైగ చేసి అడిగాను.

అమ్మ ముఖం గోడవైపు తిప్పుకుంది. ఆమె ఇటు చూడకపోతే, ఆమెను అడిగే దారి లేదు.