గాజుల మైమూనా చెప్పిన దేశం

మా పుంగనూరులో గాజులమ్మేవాళ్ళు నలుగురుండేవారు. ముగ్గురు గాజులు తొడిగేవారు. నాలుగో మనిషి మైమూనా బీ మాత్రం కబుర్లు చెప్పేది, గాజులు వాటంతటవే ఎక్కేవి.

నాది మొరటు చెయ్యి. మా అమ్మ దాన్ని రోకలి అనేది. మిగతావాళ్ళు నా చెయ్యి చూడగానే పెద్ద గాజులు తీసేవారు. అవి మోచేతిదాకా జారి, మేక మెడలో గంటల్లా గలగలమనేవి. మైమూనా బీ అట్లా కాదు. గాజుల గుత్తులు కట్టిన మలారం భుజం మీంచి దించి, నా చెయ్యి తన మోకాలి మీద పెట్టుకుని, సబ్బునీళ్ళు రాసి, బొటనవేలు లోపలికి మడిచి, "ఈ గాజు యాడ పుట్టిందో తెలుసునా తల్లీ?" అని మొదలుపెట్టేది. నేను నోరు తెరుచుకుని వింటూ ఉండగానే చిన్న గాజు మణికట్టు దగ్గరికి చేరేది.

"నోరు తెరుసుకుంటే సెయ్యి మెత్తబడతాది. నోరు బిగబట్టినోళ్ళకి సెయ్యీ బిగుస్తాది. నా యాపారమంతా ఆడనే ఉండాది," అనేది.

ఆ మాట నిజం. నేను నర్సునయ్యాక సూదిమందు వేసేటప్పుడు ఇదే కిటుకు వాడాను.

గాజులు పుట్టిన ఆ దేశం పేరు చెకోస్లొవేకియా. పలకడానికి ఒక నాలుక చాలదు కాబట్టి మా ఆడవాళ్ళందరూ గాజుల దేశం అనేవారు. పెట్టెలు ఓడలో మద్రాసుకు, అక్కడి నుంచి రైల్లో కుప్పానికి వచ్చేవి. మైమూనా బీ కుప్పం స్టేషన్లో పెట్టె విప్పించి, గాజులు సర్దుకుని, రామకుప్పం పల్లెలు మొదలుకొని పుంగనూరు, మదనపల్లె సంతల దాకా తిరిగేది. యుద్ధం రావడానికి ముందు ఏడాది ఒక పెట్టెలో, గడ్డి మధ్యన, బొమ్మల పుస్తకం ఒకటి దొరికింది. ఆ దేశానికి వచ్చే యాత్రికులకు ఏమేం చూడాలో చెప్పడానికి అచ్చేసిన పుస్తకమని చాలాకాలానికి తెలిసింది. స్టేషన్ మాస్టరు దాన్ని తిరగేసి, ఇది ఇంగ్లీషు కాదు, నావల్ల కాదన్నాడు. అక్షరం ముక్క రాని మైమూనా బీకి ఏ భాషైనా ఒకటే. ఆమె బొమ్మలు చూసి కథలు అల్లుకుంది.

కొండల మధ్య ఒక రాతి వంతెన. మనుషులు కట్టింది కాదు, దేవుడే కొండను తొలిచి వదిలేశాడని, దాని కింద ఒక ఏనుగు తొండం ఎత్తుకుని దర్జాగా పోవచ్చని చెప్పేది. గుడి ఉత్సవాల్లో ఏనుగును దగ్గర నుంచి చూసినవాళ్ళకు ఆ కొలత ఇట్టే అర్థమయ్యేది. ఇంకో బొమ్మలో బావి, బావిలో పడవ. మరో ఊళ్ళో పెద్దపెద్ద దొరలు, దొరసానులు ఉగ్గుగిన్నెల్లాంటి ముక్కుగిన్నెలు పట్టుకుని వీధిలో తిరుగుతూ కాఫీ తాగుతారట. ఒకచోట గోడకు బండిచక్రమంత గడియారం. ఇవి చెప్పేటప్పుడు ఆమె కళ్ళు ఎంత పెద్దవయ్యేవంటే, అబద్ధమని అనుమానించాలన్నా మనకు మనసొప్పేది కాదు.

యుద్ధం వచ్చింది, పెట్టెలు ఆగిపోయాయి. మైమూనా బీ ఊరి గాజులే అమ్ముకుంటూ, ఆ దేశపు నీలం గాజులు కొన్ని మాత్రం విడిగా దాచుకుంది.

అప్పుడే బట్టలకొట్టు వరదరాజులు దెబ్బ కొట్టాడు. ఆయన రెండుసార్లు మద్రాసు చూసివచ్చాడు, కాబట్టి లోకమంతా చూసినట్టే లెక్క. ఒక సంతరోజు ఆయన అరుగు మీదే, ఆయన భార్య ఆదిలక్ష్మమ్మకు మైమూనా బీ గాజులు తొడుగుతోంది. చుట్టూ పదిమంది ఆడవాళ్ళు. బావిలో పడవ కథ మంచి పాకాన పడింది.

"బావిలో పడవంట!" అని పకపకా నవ్వాడు వరదరాజులు. "ఏమ్మా మైమూనా, ఆ దేశం సూసినోళ్ళు ఎవురన్నా ఉండారా? ఒక్కర్ని, ఒక్కర్ని తెచ్చి ఈ అరుగు మీద నిలబెట్టు. అంతదాకా మా ఆడోళ్ళ సెవుల్లో పూలు పెట్టొద్దు."

ఆదిలక్ష్మమ్మ చెయ్యి టక్కున బిగుసుకుంది. గాజు చిట్లి రక్తం వచ్చింది.

ఆ వారం నుంచి పుంగనూరులో చేతులన్నీ బిగుసుకున్నాయి. మైమూనా బీ మొదలుపెట్టగానే ఎవరో ఒకరు ముసిముసిగా నవ్వడం, గాజు చిట్లడం. ఆడవాళ్ళు మెల్లగా మిగతా ముగ్గురి దగ్గరికి మళ్ళారు. బేరాలు పోయినందుకు ఆమె అంతగా ఏడవలేదు. మదనపల్లెకు వచ్చినప్పుడు నా దగ్గర ఏడ్చింది వేరే దానికి.

"నాక్కూడా అనుమానంగా ఉండాదమ్మా. బొమ్మలు ఎవుడైనా గీస్తాడు. ఇన్నేండ్లు నేను అబద్ధాలు సెప్పుకుంటా తిరిగినానేమో!"

నేనప్పుడు మదనపల్లె దగ్గర క్షయరోగుల శానిటోరియంలో నర్సుని. నలభై అయిదు మొదట్లో మా వార్డుకు ఒక దొరసాని వచ్చి చేరింది. పేరు బొజెనా. మా ఆయాలు ఒక్కరోజులో ఆమెను బోజమ్మను చేసేశారు. భర్త కలకత్తా పక్కన చెప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. తల్లి అక్కడ స్వదేశంలో చిక్కుకుపోయింది, ఆరేళ్ళుగా ఉత్తరం లేదు. ఈమె గోడవైపు తిరిగి పడుకునేది. అన్నం ముట్టదు, మాట్లాడదు. రిజిస్టర్లో ఆమె దేశం పేరు చూసి నా కలం ఆగిపోయింది. గాజుల పెట్టెల మీద ఇంగ్లీషులో ఉండే ఆ పేరు మైమూనా బీకి నేనే ఎన్నోసార్లు చదివి వినిపించాను.

ఈ సంగతి చెబితే మైమూనా బీ ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఆమె మొహం పాలిపోయింది. రెండు వారాలు మదనపల్లె వైపే రాలేదు. మూడో వారం వచ్చి నా మీద పడింది.

"యాల సెప్తివమ్మా నాకు? తెలీకుండా ఉంటే నెమ్మదిగా ఉండేదాన్ని కదా! సరే, పద. ఆయమ్మ అబద్ధమంటే ఈ బుక్కు ఆడనే పొయ్యిలో ఏస్తాను. మలారం కూడా దించేస్తాను. ఇంక గాజుల పని సెయ్యను."

అన్నంత పనీ చేసే మనిషే.

వార్డు వసారాలో బొజెనా ఎప్పటిలాగే గోడవైపు తిరిగి ఉంది. దూరంగా కూర్చోమని నేను సైగ చేస్తే మైమూనా బీ వినలేదు. "సెయ్యి పట్టుకోకుంటే నాకు మాట రాదు," అని మంచం పక్కన చతికిలబడి, ఆ తెల్లటి చెయ్యి తన మోకాలి మీద పెట్టుకుంది. చిక్కి సగమైన చెయ్యే, కానీ ఎముకలు పెద్దవి. దాచుకున్న నీలం గాజుల్లో ఒకటి తీసి, అలవాటుగానే మొదలుపెట్టింది. నేను వాక్యం వాక్యం ఇంగ్లీషులో చెబుతూ పోయాను. రాతి వంతెన, దాని కింద ఏనుగు.

బొజెనా మెల్లగా ఇటు తిరిగింది. మైమూనా బీ పుస్తకం తెరిచి వంతెన బొమ్మ చూపించింది.

"నో," అంది బొజెనా.

నన్ను అనువదించమని అడగలేదు మైమూనా బీ. ఆ ఒక్క ముక్క ఆమెకు అర్థమైంది. పుస్తకం మూయబోయింది. బొజెనా దాన్ని గట్టిగా పట్టుకుని, ఎక్స్‌రే ఫిల్ములు చూసే భూతద్దం తెమ్మని నన్ను అడిగింది. తెచ్చాను. వంతెన మీద ఒక నల్లచుక్క ఉంది. దాని మీద అద్దం పెట్టి, చూడమంది.

ఆ చుక్క ఈగ రెట్ట అనుకుని మైమూనా బీ ఏడేళ్ళుగా తడివేలితో తుడుస్తూనే ఉంది. ఇప్పుడు ఒంగి చూసింది. 

"టోపీ పెట్టుకోనుండాడు," అంది. "అమ్మా, ఇది మనిషి! మనిషమ్మా ఇది!"

నేనూ చూశాను. మనిషి అంత చుక్కైతే వంతెన ఎంతుండాలి? ఏనుగు మీద ఏనుగును నిలబెడితే అయిదారు ఏనుగులు పడతాయని బొజెనా చెప్పింది. ఇక ఆమె ఆగలేదు. నెలరోజులుగా మూసుకున్న నోరు తెరిచి ఒక్కో పుట చదివింది. అది బావి కాదు, కొండ కూలి పడిన అగాధం, ఎనభై నిలువుల లోతు. దాని అడుగున నది ఉంది, నది కొండ కడుపులోకి పోతుంది, యాత్రికులు పడవెక్కి ఆ చీకట్లో మర్రి ఊడల్లా వేలాడే రాళ్ళ కింద నుంచి పోతారు. ముక్కుగిన్నెల్లో ఉండేది కాఫీ కాదు, భూమి లోపలి నుంచి తనంతట తానే ఏడు నిలువుల ఎత్తుకు చిమ్మే ఉడుకునీళ్ళు. రోగాలు కుదురుతాయని లోకమంతా అక్కడికి వెళ్ళి తాగుతుంది. ఆ గడియారం అయిదువందల ఏళ్ళది. గంట గంటకూ కిటికీలు తెరుచుకుని పన్నెండుమంది భక్తుల బొమ్మలు వరసగా పోతాయి, పక్కన ఎముకల బొమ్మ తాడు లాగి గంట కొడుతుంది. చిన్నప్పుడు ఆమె తల్లి ఆమెను భుజాల మీద ఎక్కించుకుని అది చూపించిందట.

నేను చెబుతున్నాను, మైమూనా బీ వింటోంది. నోరు తెరిచిన గాజులామెను నేను మొదటిసారి చూశాను.

"యా అల్లా! ఎవురూ నమ్మరని నేను తగ్గించి తగ్గించి సెప్తాంటిని కదమ్మా! అసలుది ఇంతుండాదా?"

బొజెనా నవ్వింది. అప్పుడు చూసుకుంది తన చెయ్యి. నీలం గాజు మణికట్టు మీద ఉంది. ఎప్పుడెక్కిందో తొడిగినామెకే తెలియదు.

నేను నర్సుని. గాజులతో క్షయ కుదిరిందని చెబితే మా డాక్టరు నన్ను పంపించేస్తాడు. ఆరోజు ఆమె గిన్నెడు జావ తాగిందని మాత్రం చార్టులో రాశాను. మైమూనా బీ వెళ్ళేముందు, పుంగనూరుకు వచ్చి ఒక్కసారి అరుగు మీద నిలబడమని ఆమెను బతిమాలింది. లేచి నాలుగడుగులు వేయలేని మనిషి ఎక్కడికొస్తుంది? "బతికితే ఆ వంతెన మీదే నిలబడి ఫోటో పంపుతాను," అని మాటిచ్చింది బొజెనా.

మైమూనా బీ పుంగనూరు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. వరదరాజులు మళ్ళీ పకపకా నవ్వాడు. "ముందు ఒక ఏనుగన్నావు, ఇప్పుడు ఆరు. వచ్చే సంతకు మంద తోలుకొస్తావా?" చేతులు బిగుసుకునే ఉన్నాయి. ఆమె మాత్రం మలారం దించలేదు.

బొజెనా దాదాపు రెండేళ్ళు మా దగ్గరుండి, కోలుకుని, నలభై ఆరు చివర్లో ఓడెక్కింది. ఆ తర్వాత కబురు లేదు. వెళ్ళాక మళ్ళీ జబ్బు తిరగబెట్టిందేమోనని నేను లోపల భయపడుతూనే ఉన్నాను. నలభై ఏడు దసరాకు ముందు నా పేరున ఒక కవరు వచ్చింది. అందులో ఒక ఉత్తరం, ఒక ఫోటో. నేను సెలవు పెట్టి, వార్డు భూతద్దం చీరకొంగున ముడేసుకుని, పుంగనూరు బస్సెక్కాను.

వరదరాజులు అరుగు మీదే మైమూనా బీని కూర్చోబెట్టి, అందరి ముందు ఉత్తరం చదివాను. బొజెనా తల్లి బతికే ఉంది. యుద్ధం చివరి రోజుల్లో గడియారం కాలిపోయింది, బొమ్మల్ని మళ్ళీ చెక్కుతున్నారు. ఎన్నడూ చూడని ఆ గడియారం కోసం మైమూనా బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఫోటో వరదరాజులు చేతికిచ్చాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, భూతద్దం పెట్టి చూశాడు. కొండల మధ్య ఆ వంతెన. ఆ చివర నుంచి ఈ చివరకు ఆకాశం మీద గీసినట్టుంది. దాని నడిమధ్యన ఒక చుక్క. చుక్కకు గౌను ఉంది. ఒక చెయ్యి పైకెత్తి ఉంది.

ఆయన నోరు తెరుచుకుంది. పక్కనుంచి తొంగిచూస్తున్న ఆదిలక్ష్మమ్మ నోరూ తెరుచుకుంది. మైమూనా బీ కళ్ళు తుడుచుకుని, ఈసారి కథ చెప్పకుండానే ఆదిలక్ష్మమ్మ చెయ్యి తన మోకాలి మీదకు లాక్కుని, మిగిలిన నీలం గాజుల్లో ఒకటి తొడిగేసింది. ఆమెకు తెలియనే తెలియలేదు.

వరదరాజులు ఇంకా అద్దంలోనే చూస్తున్నాడు. చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగాడు.

"మైమూనమ్మా, ఆ సేతికి నువ్వేసిన గాజు ఉండాదా?"

ఆరోజు ఆమె ఏం చెప్పినా పుంగనూరంతా నమ్మి ఉండేది. ఆమె అద్దం తీసుకుని, ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి చూసింది. 

"అంతదూరం నుంచి కనపడలేదప్పా. కనపడంది నేను సెప్పను."

వరదరాజులు ఫోటో మళ్ళీ తన చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి భూతద్దం అడగలేదు.

"ఉండాది," అన్నాడు. "నాకు కనపడతా ఉండాది."