బఠాణీ సూపు పొంగిన ఆదివారం

మిస్సమ్మగారు ముద్ద ముట్టడం లేదన్న కబురు నాకు మొదట మోసుకొచ్చింది జాలరిపేట నూకాలమ్మ. ఆ కబురు విని నేను ఊరికే ప్రార్థన చేసుకుని ఊరుకుని ఉంటే, కంచరపాలెంలో మా వంటింటి గోడలకు ఆ ఏడు రెండోసారి సున్నం వేయించాల్సిన పని ఉండేది కాదు. ప్రార్థన చేశాను. ఊరుకోలేదు. అదీ జరిగిన ఘోరం.

నూకాలమ్మ చేపలగంప మా గుమ్మంలో దించుతూనే మొదలుపెట్టింది.

"సుగుణమ్మా, ఇన్నావా? మీ మిస్సమ్మగోరు జొరం తగ్గినా ఏటీ తినట్నేదంట. గెంజిచ్చినా ఒద్దంట, రొట్టిచ్చినా ఒద్దంట. ఇలాగే ఉంటే ఆల దేశం అంపేత్తారంటమ్మా!"

మిస్సమ్మగారు పడుచు వయసులో ఇంగ్లండు నుంచి నర్సుగా వచ్చి, విశాఖపట్నంలోనే తల నెరిసిపోయిన మనిషి. తెలుగు రోగుల దగ్గర నేర్చుకున్నారు కనుక, కళ్ళు మూసుకుని వింటే నూకాలమ్మకు అక్కగారు మాట్లాడుతున్నట్టే ఉండేది. నన్ను భూమ్మీదికి తెచ్చిన చేతులు ఆవిడవే. అలాంటి మనిషిని ఈ వయసులో ఓడెక్కించి పంపేస్తారా?

అప్పుడే నాకొక సంగతి తట్టింది. ఒకసారి స్త్రీల ప్రార్థన కూటంలో ఆవిడ, "మాయమ్మ శనివారం శనివారం బటానీలూ హామూ ఏసి సూపు కాసేదమ్మా" అని చెబుతూ కొంగుతో కళ్ళొత్తుకున్నారు. ఇంకేముంది! తల్లిచేతి వంట మీద బెంగ. ఆ సూపు ఒక్క గరిటె లోపలికి వెళితే ప్రాణం లేచొస్తుందని తీర్మానించేశాను.

నేను బడి మొహం చూడలేదు. మా నాన్న అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలు, కీర్తనలు, కూడికలు నేర్పారు. మూడింటిలోనూ సూపు లేదు.

మా ఆయన ఆనందరావుగారు పోర్టులో క్రేను నడిపేవారు. ఆయన్నే అడిగాను.

"ఏమండీ, హామ్ అంటే ఏమిటండీ?"

"ఓడల్లో తింటారే, పందిమాంసం. నాకు తెలిసిన వంటోడొకడున్నాడు, అడుగుతానుండు."

మర్నాడు సాయంత్రం ఆయన ఒక డబ్బా పట్టుకొచ్చి, క్రేనుతో ఓడనే ఎత్తి తెచ్చినట్టు బల్ల మీద పెట్టారు. "ఊరికే ఇచ్చాడు, మంచోడు! బఠాణీలు ఉడకేసి, ఇందులోది ముక్కలు కోసి పడెయ్యడమేనంట. అరగంట పని!"

ఆ అరగంటను కాస్త గుర్తుంచుకోండి.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రమ్మని మిస్సమ్మగారిని పిలిచాం. ఆ సంతోషంలో బఠాణీలు ముందురోజే నానబెట్టాలన్న ఇంగితం నాకు లేకపోయింది. ఆరాధన ముగిసి ఇంటికొచ్చి, స్టవ్ వెలిగించి గిన్నె పెట్టాను. ఎంత ఉడికించినా అవి రైలు పట్టాల కింది కంకరలాగే ఉన్నాయి. అంతలో నూకాలమ్మ చేపలు అమ్ముకుంటూ వచ్చి, గంపను వంటింట్లో నీడకు దించింది.

"ఏటి సేత్తన్నావమ్మా?"

"బఠాణీలు ఉడకడం లేదే! మిస్సమ్మగారు వచ్చేస్తారు."

"ఇంత సోడుప్పు పడెయ్."

చిటికెడు వేశాను.

"అదేటి, సీమకి బొట్టెట్టినట్టు? గుప్పెడెయ్!"

గుప్పెడు వేశాను. అద్భుతం! కంకర కాస్తా ఆకుపచ్చటి వెన్నలా కరిగిపోయింది. దేవునికి స్తోత్రం చెప్పి డబ్బా తెరిచాను. లోపల గులాబీరంగు మాంసం. మాంసమన్నది ఏదైనా రాళ్ళుప్పు, పసుపు పట్టించి మూడు నీళ్ళు కడిగితేగాని మా ఇంట్లో గిన్నెలోకి దిగదు. అది ముందే ఉప్పులో ఊరి, ఉడికి, ముస్తాబై వచ్చిందని నాకెవరు చెప్పారు? పెళ్ళికూతురికి నలుగు పెట్టినట్టు పట్టించి, చామంతిపూల రంగు వచ్చేదాకా రుద్ది, ముక్కలు కోసి వేశాను.

రుచి చూశాను. బీచిలో అల తగిలి బోర్లా పడ్డప్పుడు నోట్లోకి వెళ్ళే నీళ్ళు ఇంతకన్నా చప్పగా ఉంటాయి.

నూకాలమ్మ కూడా చప్పరించింది. "ఓలమ్మో! మా ఎండుసేప నయం కాదేటి!"

"ఇప్పుడేం చెయ్యనే?"

"ఉప్పుకి ఇరుగుడు సింతపండేనమ్మా. బాగా పిసికి పొయ్యి."

నిజమే కదా అనిపించింది. ఎలాగూ పులుపు పడుతోంది, మరి పోపు లేకపోతే బాగుంటుందా? వెల్లుల్లి, ఆవాలు, ఎండుమిరపకాయలతో ఘుమఘుమలాడే పోపు పెట్టాను. వాకిట్లో మిస్సమ్మగారి చేతికర్ర చప్పుడైంది. "వచ్చేశారు!" అంటూ గిన్నెడు చింతపండు పులుసు ఒక్కసారిగా కుమ్మరించాను.

సోడా మీద పులుపు పడితే ఏమవుతుందో మీకు తెలిసే ఉంటుంది. నాకు ఆ క్షణంలో తెలిసింది.

ముందు గుసగుసలాడింది. తరువాత గిన్నె ఒక్కసారి ఊపిరి పీల్చుకుని లేచింది! పచ్చటి నురగ అంచులు దాటింది, స్టవ్‌ను ఆర్పేసింది, గోడకు ఎగిరింది, గట్టు దిగింది, నేరుగా చేపలగంపలోకి దూరింది.

"తుపానమ్మో! తుపానొచ్చేసినాది!" అని నూకాలమ్మ పీట ఎక్కేసింది.

మా ఆయన పరుగున వచ్చారు. "ఏటే ఇది? సూపు కాయమంటే బట్టలుతుకుతన్నావా?"

ఆయన వెనకే మిస్సమ్మగారు. గుమ్మం పట్టుకుని నిలబడి, గోడను చూశారు, గంపను చూశారు, ముక్కు చివర నురగతో ఉన్న నన్ను చూశారు. నేను భోరుమన్నాను.

"మీ అమ్మగారి సూపండీ! దాని మీద బెంగతో మీరు ఆరోజు ఏడ్చారు కదా అని…"

"బెంగా?" ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. "నా తల్లే! ఆ సూపంటే సిన్నప్పట్నుంచీ నాకు డోకు! గిన్ని కాళీ సేసిందాకా అమ్మ కుర్సీలోంచి లెగనిచ్చేది కాదు. అది తలుసుకునే ఏడిసినాను. ఇండియా ఎల్తావా అని అడిగితే, అక్కడ ఆ సూపుండదు కదా అని ఎంటనే ఒప్పేసుకున్నాను!"

అని ఒకటే నవ్వు. కర్ర జారిపోయేలా నవ్వు. జ్వరం తరువాత ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. నవ్వి నవ్వి, ఆగి, గాలిని వాసన చూశారు.

"ఎల్లుల్లి పోపేసినావేటి?"

"చింతపండు కూడా పడిందండీ," అన్నాను ముక్కు చీదుతూ.

"మరి నిలబడిపోనావేటి? అన్నమెట్టు!"

అడుగున మిగిలినదాన్ని అన్నంలో వడ్డించాను. మా ఆయన తల వంచి, "ప్రభువా, ఈ ఆహారాన్ని దీవించు. తినేవాళ్ళను ఇంకాస్త ఎక్కువ దీవించు" అని ప్రార్థించారు. పులుపూ సోడా ఒకదాన్నొకటి చంపుకుని చచ్చాయి, ఉప్పును అన్నం మింగేసింది. మిగిలింది పప్పుచారుకు మేనత్త కూతురు లాంటి ఒక పదార్థం. మిస్సమ్మగారు మారు వడ్డించమన్నారు. ఊరమిరపకాయ అడిగి మరీ తిన్నారు. "పాపం మాయమ్మకి సింతపండు దొరకలేదు" అని జాలిపడ్డారు.

ఆ రోజు నుంచి ఆవిడకు ఆకలి లేచింది. ఓడ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. చివరిదాకా మా వీధి మలుపులోనే ఉన్నారు, దేవుని దయ.

నేను మాత్రం తడిసిన వంటింట్లో మోకరించి ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ఎవరి కళ్ళల్లో నీళ్ళు చూసినా, అవి బెంగతో వచ్చినవో డోకుతో వచ్చినవో నోరు తెరిచి అడగనిదే అగ్గిపుల్ల గీయను. ఈనాటికీ తప్పలేదు.

మీకొక్క మనవి. చింతపండు పిసికేటప్పుడు మా నూకాలమ్మను ఒకసారి తలుచుకోండి. ఆనాటి ఆమె బేరమంతా నా నురగలో మునిగిపోయింది. నేను క్షమాపణ చెప్పబోతే, గంప నెత్తికెత్తుకుంటూ ఆ మహాతల్లి అన్నది ఒక్కటే మాట.

"ఊరుకోమ్మా! మిస్సమ్మగోరు తిన్నారు, నాకు సేపలు కడిగే పని తప్పినాది!"