భుజాల మీద అత్త, ఛాతీ దాకా నీళ్ళు

మొయినాబాద్ నుంచి చేవెళ్ళకు తిరిగే షేర్ ఆటోలకు లెక్కలేదు గాని, ఆ దారిలోని హిమాయత్‌నగర్ ఊరి పరమేష్ ఆటో సంగతే వేరు. అందులో కిరాయి అందరితో సమానం, కథ మాత్రం ఉచితం. ఆ కథ వింటూ దిగాల్సిన చోట దిగడం మరిచి, చేవెళ్ళ దాకా పోయి, అదే ఆటోలో వెనక్కి వస్తూ ఇంకో కథలో పడి మళ్ళీ ఊరు దాటిపోయినవాళ్ళున్నారు. పెరుగు ప్యాకెట్ కోసం పొద్దున ఎక్కిన ఒకాయన సాయంత్రానికి ఇల్లు చేరాడట. పెరుగు సంగతి ఇంట్లోవాళ్ళు ఎప్పుడో మరిచిపోయారట, పాపం ఆయన్ని కూడా.

పరమేష్ తొమ్మిదో తరగతి మధ్యలో బడికి దండం పెట్టాడు. తను బడి మానలేదనీ, బడే తనను తట్టుకోలేకపోయిందనీ అతని వాదన. లెక్కల సారు అడిగిన ప్రశ్నకు తను చెప్పిన జవాబు విని, ఆయన సెలవు పెట్టి ఇంట్లో కూర్చుని ఆలోచించాడట. తర్వాత పరమేష్ జన్వాడలో ఒక ఫామ్‌హౌస్‌కు కాపలా ఉన్నాడు, గండిపేట దిక్కు లేస్తున్న బిల్డింగులకు ఇటుకలు మోశాడు. ఆ పనుల్లో ఒకటే ఇబ్బంది, వినేవాళ్ళు ఉండరు. ఆటో కొన్నాకే అతని బతుకు దారిన పడింది. నడిచే ఆటోలోంచి ఎవరూ లేచి పోలేరు కదా!

అతని కథలన్నిటికీ పెద్దన్న గండిపేట కథ. చెరువు నిండి గేట్లెత్తిన ఏడు, కొట్టుకుపోతున్న బర్రెను వీపు మీద వేసుకుని, ఒక చేత్తో ఈదుతూ, ఇంకో చేత్తో పాలు పిండుతూ ఒడ్డుకొచ్చాడట. పాలు ఎందులో పిండావని అడిగినవాడు ఇంతవరకు పుట్టలేదు.

అసలు సంగతి మాత్రం ఇంకొకటి. పరమేష్‌కు నీళ్ళంటే ప్రాణభయం. చిన్నప్పుడు ఈత నేర్పిస్తామని దోస్తులు అతన్ని వ్యవసాయబావిలోకి తోశారు. కాళ్ళకు అడుగు దొరకలేదు. బయటికి లాగి కడుపు నొక్కి నీళ్ళు కక్కించారు గాని, ఆ చీకటి, చెవుల్లో ఆ బుడబుడలు అతన్ని వదలలేదు. ఇప్పటికీ చెరువు కట్ట మీద ఆటో నడిపేటప్పుడు నీళ్ళ వైపు చూడడు. ఈ ముచ్చట పెళ్ళాం పూర్ణిమకు కూడా తెలియదు.

ఇలాంటి మనిషికి పెంటమ్మ లాంటి అత్త దొరికింది. చేవెళ్ళలో పుట్టి, అక్కడి కూరగాయల తోటల్లోనే నడుం వంగిన మనిషి. పొట్టిది, మోకాళ్ళ నొప్పులది, నోరు మాత్రం కొత్త కొడవలి. పెళ్ళయిన కొత్తలో పరమేష్ ఆమెకు స్కూటర్‌ను మింగిన చేప కథ చెప్పాడు. అంతా విని ఆమె, "తాళంచెవి స్కూటర్‌కే ఉండెనా బిడ్డా?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నతో చేప చచ్చింది. అప్పటి నుంచి అత్త ఆటో ఎక్కితే అల్లుడి నోటికి తాళమే.

పోయిన ఏడు పెంటమ్మ కుడికంట్లో పొర వచ్చింది. ఆపరేషన్‌కు తీసుకుపోయేటప్పుడు ఆమె మొక్కుకుంది. చూపు వస్తే బీదర్ ఝరణీ నరసింహస్వామిని ఆ కంటితోనే చూస్తానని. మొక్కిన మరుక్షణమే దిగులు పడింది. ఆ స్వామి ఉండేది గుహలో. సొరంగం పొడుగునా నీళ్ళల్లో నడిచిపోవాలి. అందరికీ ఛాతీ దాకా వచ్చే నీళ్ళు ఆమెకు ముక్కు దాకా వస్తాయి.

దవాఖాన వరండాలో చుట్టాలంతా ఉన్నారు. పరమేష్ నోరు ఆగుతుందా?

"ఎందుకు ఫికర్ చేస్తవత్తా? నేను లేనా? భుజాల మీద కూసోబెట్టుకొని తీస్కపోత. బర్రెను మోసినోన్ని!"

చూపు వచ్చింది. పరమేష్ కష్టాలూ మొదలయ్యాయి. మొదట ఆటో క్లచ్ పోయిందన్నాడు, తర్వాత వానలన్నాడు, ఆ తర్వాత ఆషాఢమన్నాడు. సాకులన్నీ అయిపోయాక ఒక శనివారం తెల్లారకముందే పెంటమ్మే సంచి సర్దుకుని వచ్చి గడపలో కూర్చుంది.

ఆ పొద్దున్నే శంకర్‌పల్లి స్టేషన్‌లో బీదర్ ప్యాసింజర్ ఎక్కారు. పరమేష్, పూర్ణిమ, ఇంటర్ చదువుతున్న కూతురు దీక్షిత, పెంటమ్మ, వాళ్ళతో పక్కింటి యోసేపు. యోసేపు గండిపేటలో కాలేజీ బస్సు నడుపుతాడు, ఆదివారం చర్చి మానడు. "నేను కోట చూడనీకె వస్తున్న. గుడి కాడ మీ చెప్పులకు, సంచులకు కాపలా ఉంట," అని ముందే చెప్పాడు.

సీటు ఆపడానికి పరమేష్ కిటికీలోంచి తువాల విసిరితే, అది పోయి నిద్రపోతున్న ఒక పెద్దమనిషి మొహం మీద పడింది. ఆయన తువాల తీసి చూసి, "ఈ బండ్ల దుప్పట్లు గూడ ఇస్తున్నరా?" అన్నాడు.

రైలు కదిలింది. జొన్నరొట్టెలు, పల్లీల పచ్చడి మూటలు విప్పారు. పరమేష్‌కు రొట్టె గొంతు దిగలేదు. వికారాబాద్ దాటేదాకా అతని మనసులో ఒకటే కోరిక, బండి ఎక్కడన్నా ఆగిపోవాలి, ఇంజను చెడిపోవాలి, పట్టాల మీద ఏ మేకల మందన్నా పడుకోవాలి. రోజూ గంటలు గంటలు ఆలస్యంగా నడిచే బండి ఆరోజు మాత్రం అత్తగారింటికి పోతున్నట్టు ఉరికింది.

"గండిపేటల బర్రెను మోసినోనివి, అత్తమ్మ నీకో లెక్కనా అన్నా?" అన్నాడు యోసేపు.

"ఏమిరా యోసేపూ, నన్ను బర్రెతోని జోడు పెడుతున్నవా?" అంది పెంటమ్మ.

"అయ్యో, లేదత్తమ్మా! బర్రె జర బరువుండె అంటున్న."

దీక్షిత ఫోన్లో చూసి చదువుతోంది. "బాపూ, నీళ్ళు నీ ఛాతీ దాక వస్తయంట. మీద గబ్బిలాలుంటయంట. లోపల లైట్లు ఉన్నయి గానీ…"

"గానీ ఏంది?" పరమేష్ ఉలిక్కిపడ్డాడు.

"గానీ ఏం లేదు. లైట్లున్నయి."

గుడి దగ్గర యోసేపు సంచుల మధ్య రాజులా కూర్చున్నాడు. పూర్ణిమ, దీక్షిత చెయ్యి చెయ్యి పట్టుకుని ముందు దిగిపోయారు. పరమేష్ మెట్టు మీద గొంతుక్కూర్చుంటే పెంటమ్మ అతని భుజాల మీదికి ఎక్కి, రెండు చెవులూ బిగించి పట్టుకుంది. అతను లేచి నిలబడ్డాడు. ముందు మోకాళ్ళ దాకా, తర్వాత నడుం దాకా, తర్వాత ఛాతీ దాకా వచ్చాయి నీళ్ళు. కొంతసేపు నడక సాగింది. నడుస్తున్నంతసేపు ఎట్లాగో ఓర్చుకున్నాడు. కాలి కింద బండ తగులుతోంది, అది చాలు.

సగం పోయాక వరుస ఆగిపోయింది. స్వామి ముందర చోటు చిన్నది, కొద్దిమందే నిలబడతారు. వాళ్ళు చూసి తిరిగొస్తేగాని వెనకవాళ్ళు కదలరు. ముందు మనుషులు, వెనక మనుషులు, మీద రాయి, చుట్టూ నల్లటి నీళ్ళు. ఎవరో కదిలితే అల వచ్చి పరమేష్ గడ్డానికి తగిలింది. చెవుల్లో ఆ పాత బుడబుడ మొదలైంది. వెనక్కి తిరిగి ఉరకాలనిపించింది. ఉరికితే అత్త నీళ్ళల్లో పడుతుంది. మొక్కు పోతుంది, ఆమె మునుగుతుంది, తను ఇంక ఊళ్ళో తల ఎత్తలేడు. ఉరక్కపోతే తన గుండె ఆగేటట్టుంది.

"అల్లుడా," పెంటమ్మ వంగి మెల్లగా అంది, "నీ మెడ నరం ఎగిరెగిరి పడుతున్నది. నా కాలుకు తెలుస్తున్నది."

"సలికత్తా. నీళ్ళు సల్లగున్నయి."

ఆమె పట్టుకున్న చెవులు వదిలి, అరచేతులు రెండూ అతని నెత్తి మీద పెట్టింది.

"ఒక కత చెప్పు."

"ఇప్పుడా?"

"ఇంకెప్పుడు? ఆటోల ఊరందరికి చెప్తవు, నేనెక్కితె మూగోనివైతవు. నేనేం పాపం చేసిన? చెప్పు, వింట."

పరమేష్ ఊపిరి పీల్చాడు. "మన చేవెళ్ళల ఒకపారి… ఒక క్యారెట్టు గడ్డ పండింది."

"ఎంతుండె?"

"ఎంతనా? ఆకులు పట్టి నలుగురు గుంజితే రాలే. ఎడ్లను కట్టిన్రు, రాలే. ట్రాక్టర్ కట్టిన్రు, ట్రాక్టర్ భూమిల దిగవడ్డది గాని గడ్డ కదల్లే. పెద్దమనుషులు కూసొని మాట్లాడుకున్నరు. గిది కిందికి కాదురా, అడ్డం పెరిగింది, దీని కొస ఏడున్నదో దేవులాడాలె అన్నరు. నేను ఆటో తీసిన. శంకర్‌పల్లి దాటిన, వికారాబాద్ దాటిన, జహీరాబాద్ దాటిన. బీదర్ల ఒక గుట్ట కింద ఎర్రగ కొస కనవడ్డది."

ముందు నిలబడ్డ ఆడమనిషి వెనక్కి తిరిగింది. "మాది జహీరాబాదే అన్నా. మాకెందుకు కనవడలే?"

"మీ ఊరి కిందికెంచే పోయిందక్కా! మీ బోరుబావులల్ల నీళ్ళు తియ్యగుంటయి సూడు, ఎందుకనుకున్నవ్?"

సొరంగంలో నవ్వు గుప్పుమంది. ఆ చప్పుడుకు గబ్బిలాలు కదిలాయి. తెలుగు రానివాళ్ళు పక్కవాళ్ళను అడుగుతున్నారు, పక్కవాళ్ళు కన్నడంలో క్యారెట్టును ఇంకొంచెం పెంచి చెబుతున్నారు. వరుస కదిలింది.

"తర్వాత?" అంది పెంటమ్మ.

"తర్వాతేముంది, ఈడ కొసకు మోకు కట్టి రైలింజన్‌కు తగిలించిన్రు. ఒక్క గుంజుడు! గడ్డ ఊడొచ్చింది. బొంద మిగిలింది. బొందల నీళ్ళు ఊరినయి. గీ సొరంగం గదే!"

పెంటమ్మ అతని నెత్తి మీద ఠపీమని ఒకటి వేసింది. "దేవుని దగ్గర గవేం మాటలురా?"

"దేవుడు ముందుగాల్నుంచే ఉన్నడత్తా! మనసొంటోళ్ళు వచ్చెతందుకు తొవ్వ మాత్రం క్యారెట్టు ఏసింది."

ఆమె కడుపు కదిలేలా నవ్వుతోంది. ఆ నవ్వు అతని భుజాలకు తెలిసింది. ఆ గడ్డను తరిగి ఎన్ని ఊళ్ళకు హల్వా చేశారో, మిగిలిన దానితో ఏ వాగు మీద వంతెన వేశారో చెబుతుండగానే కాలికి మెట్టు తగిలింది. పరమేష్ కిందికి చూశాడు. నీళ్ళు మోకాళ్ళ దగ్గరున్నాయి. ఇంత దూరం ఎప్పుడు నడిచాడో అతనికే తెలియలేదు.

అత్తను దించాడు. ఆమె ఎడమకన్ను అరచేత్తో మూసుకుని, బాగైన కుడికంటితో స్వామిని చూసింది. వెనకవాళ్ళు తొందర పెట్టినా కదలలేదు. "చూసిన తండ్రీ, మంచిగ చూసిన," అంది. పరమేష్ చేతులు జోడించాడు గాని ఏం మొక్కుకోవాలో తోచలేదు. ఊపిరి ఆడుతోంది. ఇంతకంటే ఏం అడుగుతాడు?

తిరుగుదారిలో వరుస ఆగలేదు. అవే నీళ్ళు, అదే సొరంగం, పరమేష్ మాత్రం క్యారెట్టుకు పెళ్ళి చేసేదాకా వచ్చాడు.

బయటికొచ్చి పరమేష్ మెట్ల మీద కూలబడ్డాడు. యోసేపు చూడనే చూశాడు. "ఏందన్నా, గట్ల పాలిపోయినవ్?"

పరమేష్ నోరు తెరిచేలోపే పెంటమ్మ అందుకుంది. "సల్లటి నీళ్ళల్ల నన్ను గంతసేపు మోసినంక పాలిపోకుంటె పెండ్లికొడుకు లెక్క ఉంటడా? ముందు చాయ్ తేపో!"

యోసేపు చాయ్‌కి పోయాడు. అత్త, అల్లుడు ఒకరినొకరు చూసుకున్నారు. ఆమెకు అంతా తెలిసిందని అతనికి అర్థమైంది. ఆమె చూపులో వెక్కిరింత వెతికాడు. దొరకలేదు. కొంగుతో అతని తల తుడిచి, "సర్ది వడతది, అంగి మార్చుకో," అంది.

ఆ మధ్యాహ్నం బీదర్ కోటలో పరమేష్‌ను పట్టడానికి ఎవరి తరమూ కాలేదు. ఒళ్ళంతా తేలికైపోయింది. దర్వాజాలు చూశాడు, ఫిరంగి పక్కన నిలబడి దీక్షితతో ఫోటోలు దిగాడు, బురుజు ఎక్కి ఎండలో తువాల ఆరేసుకున్నాడు. పొద్దున దిగని రొట్టెలన్నీ ఇప్పుడు గడ్డి మీద కూర్చుని లాగించాడు. పూర్ణిమ తన వాటా కూడా అతని ముందుకు జరిపి, "పొద్దున నీకు పానం మంచిగ లేదనుకున్న," అంది. "ఇప్పుడు మంచిగున్నది," అన్నాడు. అది మాత్రం అక్షరాలా నిజం.

సాయంత్రం బండిలో పరమేష్‌కు కిటికీ పక్క సీటే దొరికింది. జహీరాబాద్‌లో ముఖపరిచయం లేని ఒక జంట ఎక్కి ఎదురుగా కూర్చున్నారు. గుడికి పోయొస్తున్నామని తెలిసి, "ఇంత పెద్దామె లోపలికి ఎట్ల పోయింది?" అని ఆ ఆడమనిషి అడిగింది.

పెంటమ్మ కొంగు సర్దుకుంది.

"ఎట్ల పోయిన్నంటవా? నీళ్ళు మా అల్లుని నెత్తి మీదికొచ్చినయి బిడ్డా. మనిషి మొత్తం మునిగిండు. నేనొక్కదాన్నే మీద, పడవల కూసున్నట్టు! నడుమ నడుమ ఒక బుడగ పైకొచ్చేది, ఆహా, పిలగాడు పానంతోనే ఉన్నడు అనుకునేదాన్ని. ఇగ గబ్బిలాలు, ఒక్కొక్కటి ఇంత మేకపిల్లంత!"

పూర్ణిమ, దీక్షిత ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వు ఆపుకుంటున్నారు. అవతలి ఆడమనిషి మాత్రం నోరు తెరిచి పరమేష్‌ను చూస్తోంది. జీవితంలో మొదటిసారి పరమేష్‌కు సిగ్గేసింది.

"గంతేం లేదక్కా. నీళ్ళు ఛాతీ దాకనే ఉన్నయి. నేను నడిచిన, గంతే. నిజం చెప్పాల్నంటే మస్తు భయమైంది నాకు."

ఆమె మొగుడి వైపు తిరిగి మోచేత్తో పొడిచింది. "సూడు, గంత పని చేసి ఎంత తగ్గి మాట్లాడుతున్నడో! నువ్వయితే ఊరంత డప్పు కొడుతుంటివి."

పెంటమ్మ అల్లుడి వైపు చూసి, జాలిగా తల ఊపింది.

"ఏం చేస్తం బిడ్డా, మా అల్లునికి గొప్పలు చెప్పుకొనుడు రాదు."