ఓడిన ఆటకు కోడి రెక్కలు

“రెక్కలకు ఇంత పోస్తారా ఎవరన్నా? మనూర్లో కోడిని కోస్తే రెక్కలు ఎవరికి పెడతారు? ఆఖర్న తినేటోళ్ళకు,” అన్నాను నేను.

“ఏడాదికి ఒక్కసారి అత్తా. నా జీతంతోనే కదా తెప్పించుకుంటి,” అంది కోడలు.

“జీతం నీదైతే పారేస్తావా? నిన్నటి పప్పు ఉండాది ఫ్రిజ్జులో. రెండు రొట్టెలు కాలిస్తే కడుపు నిండదా?”

“పప్పూ రొట్టే పెట్టుకోని ఈ ఆట చూసేదెట్ల? పోయినేడు అందరికన్నా కింద ఉన్నోళ్ళు. ఈపొద్దు ఇది గెలిస్తే…”

“ఓడిపోయినోళ్ళకు ఇంత తిండి ఎందుకుమే?”

కోడలు డబ్బా మూత తీయబోతూ ఆగిపోయింది. కింద కూర్చుని సంచి కాగితాన్ని చింపుతున్న మనవరాలు మా ఇద్దరి మొహాలూ చూసింది. అన్న మాట నాకు కూడా అప్పుడే వినబడింది.

అది ఎంత పాడు మాటో తెలియాలంటే ముందు సంగతి కొంత చెప్పాలి.

మేము ఆదోని వాళ్ళం. దూది ఏకి పరుపులు కుట్టడం మా పని. ముసల్మానులమే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. నేను మూడో తరగతి దాకా చదివాను, ఆ తర్వాత చేతికి దబ్బనం ఇచ్చారు. నా కొడుకు సౌదీలో, యాన్బు అనే ఊళ్ళో కాంట్రాక్టు పనిలో ఉన్నాడు, మూడు వారాలకొకసారి రియాద్ వచ్చిపోతాడు. కోడలు రియాద్‌లో ఒక ఆస్పత్రిలో ఎముకల వార్డు నర్సు. ఆమె డ్యూటీకి పోతే రెండేళ్ళ మనవరాలిని చూసుకోవడానికి నన్ను పిలిపించుకున్నారు. ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే. వచ్చిన రోజు నుంచే నేను ఖాళీ గదుల్లో లైట్లు ఆర్పుతూ, సబ్బు ముక్కలు అతికిస్తూ, ఆమె వండే ప్రతిదానికీ ఏదో ఒక వంక పెడుతూ ఉన్నాను. అది నా అలవాటు. మంచి అలవాటనే అనుకునేదాన్ని.

కోడలికి ఒక్కటే సరదా. అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్. పేరుకు ఫుట్‌బాల్ గానీ కాలితో తన్నేది తక్కువ, చంకలో పెట్టుకుని పరుగెత్తేదే ఎక్కువ. ఆ ఆటలో ఒక టీము, నీలం చొక్కాల వాళ్ళు, ఆమెకు ప్రాణం. వాళ్ళను ఆమెకు పరిచయం చేసింది అదే వార్డులో రోగుల చేత కాళ్ళూ చేతులూ ఆడించే అమెరికా ఆవిడ. నా వయసే ఉంటుంది. కోడలికి మొదటి కడుపు పోయినప్పుడు కొడుకు యాన్బులో ఉన్నాడు, నేను ఆదోనిలో ఉన్నాను. పక్కన కూర్చున్నది ఆవిడ. ఏం చెప్పి ఓదార్చాలో తెలియక తన ఊరి టీము ఆట ఫోన్లో పెట్టి చూపించిందట. ఆ మాట కోడలు నాతో ఒకసారే చెప్పింది. నేను అప్పుడు బియ్యం కడుగుతున్నాను. ఊఁ అన్నాను, అంతే.

ఆవిడ ఉద్యోగం చాలించి తన ఊరు వెళ్ళిపోయింది. అప్పటి నుంచి వాళ్ళిద్దరికీ ఒక కట్టుబాటు. అక్కడ ఆట జరిగే వేళకు ఇక్కడ చీకటి, కోడలు డ్యూటీలోనో నిద్రలోనో ఉంటుంది. అందుకని ఆమె మరునాడు సాయంత్రం చూస్తుంది. చూసేదాకా గెలుపోటములు చెవిన పడకూడదు. ఫోన్లో వార్తలు తెరవదు. వార్డులో ఎవరైనా ఆ మాట ఎత్తబోతే చెవుల్లో వేళ్ళు పెట్టుకుంటుంది. ఆట పూర్తయ్యాక ఇద్దరూ ఫోన్లో కూర్చుని అరగంట మాట్లాడుకుంటారు. ఆవిడ ఉండేది ఆ టీము ఊళ్ళోనే. అక్కడ వీధివీధినా అదే మాటగా ఉంటుంది కదా. అయినా ఆవిడ రోజంతా ఆ మాట నోట్లోనే దాచుకునేది. ఈ ఏడంతా ఒక్కసారి జారలేదు.

నేను అదే ఇంట్లో ఉండి పది గంటలు దాచలేకపోయాను.

మొదట్లో నాకు ఆ ఆటంటే చిరాకే. లావుపాటి మనుషులు భుజాల నిండా మెత్తలు కట్టుకుని ఒకరినొకరు తోసుకోవడం, నిమిషం ఆడి ఐదు నిమిషాలు నిలబడటం. ఆ మెత్తలు కుట్టిన వాళ్ళకు మాత్రం పని వచ్చు అనుకునేదాన్ని. కోడలు పిలిచేది. “అత్తా, రా, పక్కన కూర్చో. రెండు మాటల్లో చెప్తా,” అనేది. నాకేం పనిలే అనేదాన్ని. పప్పు పళ్ళెం తీసుకుని టీవీకి వీపు పెట్టి కూర్చుని రాళ్ళు ఏరేదాన్ని.

నా ఎదురుగా గాజు తలుపుల అలమార ఉంది. టీవీ అందులో కనబడేది. అట్లా చూడటం మొదలైంది. అద్దంలో అంకెలు తిరగబడి ఉండేవి, కుడికి పోయే మనిషి ఎడమకు పోయేవాడు. కోడలు తనలో తాను అనుకునే మాటలు వింటూ, గాజులో చూస్తూ, రెండు నెలల్లో ఆట నాకు తెలిసిపోయింది. నాలుగు సార్లలో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్ళీ నాలుగు ఇస్తారు. పోకపోతే బంతి అవతలి వాళ్ళది. అనుమానం వస్తే ఇద్దరు మనుషులు గొలుసు పట్టుకొచ్చి నేల మీద పరిచి కొలుస్తారు. వెంట్రుకవాసి తక్కువైనా ఒప్పుకోరు. నాకు నచ్చింది అదే. పరుపులు కొలిచి కుట్టినదాన్ని, కొలత దగ్గర మొహమాటపడని వాళ్ళంటే నాకు గౌరవం. గొలుసు తెచ్చిన ప్రతిసారీ నా చెయ్యి పప్పులో ఆగిపోయేది.

మొదటి ఆటలు ఓడారు. అప్పుడు కోడలు “ఖల్లీ వల్లీ” అని చెయ్యి దులిపి నవ్వేసేది. ఇక్కడ అందరి నోటా అదే మాట, పోనీలే అన్నట్టు. చలి మొదలయ్యే వేళకు గెలవడం మొదలుపెట్టారు. వారం వారం గెలుస్తూ వచ్చారు. నెలల తరబడి ఆడిన మీదట బాగా ఆడిన కొన్ని టీములనే చివరి పోటీలకు తీసుకుంటారు. ప్లేఆఫ్ అంటారు. అక్కడ ఒక్కటి ఓడినా ఇంటికే. వీళ్ళకు అందులో చోటు దొరికిన రోజు కోడలు అమెరికా ఆవిడకు ఫోన్ చేసి చిన్నపిల్ల మాదిరి కేకలు పెట్టింది. నాకు కూడా గుండె నిండినట్టయింది. పైకి మాత్రం, పాప లేస్తాది, మెల్లగా మాట్లాడు అన్నాను.

ప్లేఆఫ్ మొదటి ఆట ఇక్కడి లెక్కన ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి. కోడలు రాత్రి డ్యూటీలో ఉంది. ఆదోనిలో ఉన్న మా చెల్లెలితో మాట్లాడటానికి, ఖురాను వినడానికి కోడలు నాకొక టాబ్ ఇచ్చింది. ఆట వచ్చే యాప్ కూడా అందులోనే పెట్టింది, ఎప్పుడైనా నా మనసు మారితే చూస్తానని. నేను ఎట్లాగూ ఆ వేళకు లేస్తాను. దుప్పటి కప్పుకుని, చప్పుడు తగ్గించి, దొంగ మాదిరి పెట్టుకున్నాను. మొదటిసారి సూటిగా చూశాను. అంకెలు తిన్నగా ఉన్నాయి.

మధ్యలో తెల్లవారి నమాజుకు పిలిచే ఫజర్ అజాన్ వినిపించింది. ఆట ఆపి నమాజుకు నిలబడ్డాను. ఇది రాయాలంటే చెయ్యి రావడం లేదు గానీ రాస్తాను. ఆ పొద్దు నా నమాజు తొందర నమాజు. దువా అడగడానికి అల్లా ముందు చేతులు ఎత్తితే ఆ టీము పేరు నోటికొచ్చింది. పెదవులు బిగబట్టుకుని, కొడుకు పేరు, మనవరాలి పేరు తలుచుకుని లేచేశాను.

చివర్లో మా వాళ్ళు వెనకబడి ఉన్నారు. మా వాళ్ళు అని ఎప్పుడు అనుకోవడం మొదలుపెట్టానో నాకే తెలియదు. నాలుగోసారి. ఒకడు బంతిని కడుపుకు అదుముకుని మనుషుల కింద దూరాడు. కుప్ప మీద నుంచి ఒక్కొక్కరినే లేపారు. గొలుసు తెచ్చారు. పరిచారు. లాగి పట్టుకున్నారు. నాలుగు వేళ్ళ మేర తక్కువ. అంతే. బంతి అవతలి వాళ్ళకు ఇచ్చేశారు, కాసేపటికి ఆట ముగిసిపోయింది. నీలం చొక్కాల వాళ్ళు ఎటు పోవాలో తెలియనట్టు నిలబడ్డారు.

ఎనిమిదిన్నరకు కోడలు వచ్చింది. మొహం అలసిపోయి ఉంది గానీ కళ్ళు వెలుగుతున్నాయి. “సాయంత్రం అత్తా,” అంది. నేను వంటింట్లోకి పోయి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. ఆమె పడుకుంది. మధ్యాహ్నమంతా నాకు దేని మీదా మనసు నిలవలేదు. పాపను రెండుసార్లు ఊరికే కసిరాను. పొద్దు వాలే వేళ అసర్ నమాజు అయ్యాక బెల్లు మోగింది, పెద్ద డబ్బా వచ్చింది. మూత సందుల్లోంచి వాసన ఇల్లంతా నిండింది. ఆమె లేచి మొహం కడుక్కుని, నీలం చొక్కా వేసుకుని, పండగ మాదిరి వచ్చి కూర్చుంది. ఆ చొక్కా చూసేసరికి నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో నాకే తెలియదు. రెక్కల మీద పెట్టాను.

అప్పుడు జరిగిందే మొదట రాసిన జగడం.

“నీకెట్ల తెల్సు?” అంది కోడలు.

కింద బకాలాలో, అదే కిరాణా కొట్లో, సరుకులిచ్చే అతను అన్నాడని చెప్పాను. అతనికి క్రికెట్ తప్ప ఇంకొక ఆట తెలియదు. అది నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె రిమోట్ తీసి టీవీ పెట్టింది. ఆట బొమ్మ వచ్చింది. బొమ్మ కింద ఎర్ర గీత ఈ చివర నుంచి ఆ చివర దాకా నిండి ఉంది. నాకు ఇంగ్లీషు చదవడం రాదు గానీ ఆ గీత అంటే ఏమిటో తెలుసు. ఎవరు ఎంతవరకు చూశారో అది చూపిస్తుంది. టాబ్‌లో చూసినా టీవీలో తెలిసిపోతుందని మాత్రం నాకు తెలియదు.

కోడలు గీతను చూసింది. తర్వాత నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

“ఒక్కదానివే చూసినావా, అత్తా?” అంది. “నేను పిలిచినా కదా. పిలవని రోజు లేదు కదా.”

అప్పుడు ఒక్క మంచి మాట అని ఉండవచ్చు. నా నోటికి వచ్చింది వేరు. “రెక్కలు చల్లారిపోతాయి, తిను,” అన్నాను.

ఆమె టీవీ ఆపేసింది. డబ్బా మూత తీయకుండానే ఫ్రిజ్జులో పెట్టింది. లోపలికి పోయి చొక్కా మార్చుకుని వచ్చి పాపకు అన్నం కలిపింది. ఖల్లీ వల్లీ అనలేదు.

మామూలుగా మాట్లాడుకునే వేళకు ఫోన్ మోగింది. అమెరికా ఆవిడ. రోజంతా మాట దాచుకుని, ఈమె చూసి ఉంటుందని చేసింది. కోడలు వరండాలోకి పోయి మాట్లాడింది. మదర్ ఇన్ లా అనే మాట నాకు తెలుసు. తలుపు ఇవతల నిలబడి ఆ మాట వస్తుందేమోనని విన్నాను. రాలేదు. స్లీప్ అంది, టయర్డ్ అంది. డ్యూటీ అలసటతో నిద్రపోయాను, ఇంకా చూడలేదు అని చెప్పిందని అర్థమైంది. నా పరువు నిలబెట్టడానికి అంత మంచి మనిషితో ఆమె అబద్ధమాడింది. నేనూ ఆ రోజు ఒక అబద్ధమాడాను, నాకోసం.

మరునాటి నుంచి కోడలికి పగటి డ్యూటీ. నేను ఫజర్ నమాజు ముగించి లేచేసరికి యూనిఫాం వేసుకుని తలుపు దగ్గర పీట మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటోంది. రెక్కల డబ్బా వార్డు వాళ్ళకోసం సంచిలో పెట్టుకుంది. నేను పోయి పక్కన నిలబడ్డాను. ఆమె తలెత్తకుండానే అడిగింది.

“ఎట్ల ఓడిపోయినారు?”

“నాలుగోసారి. గొలుసు తెచ్చి కొలిచినారు.”

“ఎంత తక్కువొచ్చింది?”

కుడిచేతి వేళ్ళు నాలుగూ కలిపి చూపించాను. ఆమె నా చేతిని కాసేపు చూసింది.

“తప్పు చేసినా, తల్లీ,” అన్నాను.

ఆమె బూటు తాడు బిగించి లేచింది. కింద ఆస్పత్రి బస్సు హారన్ కొట్టింది. బిడ్డకు పాలు కాచి పెట్టానని చెప్పి సంచి తీసుకుని మెట్లు దిగిపోయింది.

పాల గిన్నె కోసం ఫ్రిజ్జు తెరిచాను. పక్కన చిన్న గిన్నె మీద పళ్ళెం మూసి ఉంది. తీసి చూస్తే నాలుగు రెక్కలు. పెనం మీద వేడి చేసుకుని, మనవరాలు లేచే లోపల తిన్నాను.