పదివేల ఒక్క బండ

మాచర్లలో నా చిన్నప్పుడు ఏ ఇంట్లో చూసినా నాపరాళ్ల నేలే. ఆ బండలు పరిచే మేస్త్రి మా తాతయ్య. సంతకం తప్ప ఇంకేమీ రాయడం రాదు. ఆయన పరిచిన నేల మీద నీళ్లు పోస్తే ఆయన చెప్పిన మూలకే పారేవి.

నేను ఏడో తరగతిలో ఉండగా గురజాలలో లెక్కల పోటీ పెట్టారు. మా బడి నుంచి ఒక్కరే వెళ్లాలి. అప్పటిదాకా ఆడపిల్లను ఎవరినీ పంపలేదు. ఎవరిని పంపాలో తేల్చడానికి శనివారం లెక్కల మాస్టారు బోర్డు మీద 10001 అని రాసి, ఇది ప్రధాన సంఖ్యో కాదో సోమవారానికి కారణంతో సహా తేల్చుకు రమ్మన్నారు. ప్రధాన సంఖ్య అయితే ఒకటీ, తనూ తప్ప మరే సంఖ్యా దాన్ని శేషం లేకుండా భాగించకూడదు.

ఆదివారం పొద్దున్నుంచీ భాగహారాలు చేస్తూనే ఉన్నాను. నలభై దాటేసరికి సగం నోటుపుస్తకం అయిపోయింది. ఇలా ఐదువేల దాకా పోవాలేమో అనుకుంటే ఏడుపొచ్చింది. మధ్యాహ్నం అన్నానికొచ్చిన తాతయ్య చూశాడు.

"ఏందమ్మా, ఏం చేసింది నిన్ను ఆ లెక్క?"

చెప్పాను. ఆయన వసారాలో సుద్దతో ఒక చదరం గీశాడు.

"పదివేల ఒక్క బండ ఉందనుకో. ఒక్కటీ మిగలకుండా వరసలుగా పరవాల. అదేగా నీ లెక్క? వంద వరసలు, వరసకి వంద. అక్కడికే పదివేలు అయిపోయినయ్. నీ చేతిలో మిగిలింది ఒక్కటి. నిలువూ అడ్డం రెండూ వంద దాటితే బండలు చాలవు. ఏదో ఒక వైపు వందలోపే ఉండాల. వంద దాకా ఎతుక్కో, చాలు."

నేను నోటుపుస్తకంలో వంద దగ్గర గీత గీసుకుని మిగతావి మొదలుపెట్టాను. రెంటితో పోనిది నాలుగుతోనూ పోదని ఆ ఊపులో నాకే తట్టింది. చీకటి పడేలోగా డెబ్బై ఒకటి దాకా వచ్చాను. అన్నిటికీ శేషమే. ప్రధాన సంఖ్యేనని రాసి పుస్తకం మూసేశాను.

"వంద అయిందా?" అన్నాడు తాతయ్య.

"లేదు. ఇంకేం తగలదులే తాతయ్యా."

"ఆఖరి వరస పరవకుండా పని అయిందని నేనెప్పుడూ చెప్పలేదమ్మా," అన్నాడు మెల్లగా.

విసుగ్గానే మళ్లీ తెరిచాను. తర్వాతది డెబ్బై మూడు. నూట ముప్పై ఏడు సార్లు పోయి శేషం సున్నా వచ్చింది. నమ్మకం కలగక గుణించి చూశాను. సరిగ్గా పదివేల ఒకటి.

మర్నాడు క్లాసులో లేచి బండల సంగతి చెప్పాను. సాయంత్రం మాస్టారు నాతో కలిసి తాతయ్య పనిచేస్తున్న ఇంటికొచ్చి, ఆయన పక్కనే నేల మీద కూర్చున్నారు. "ఈ సూత్రం నేను ఏటా చెబుతాను మేస్త్రిగారూ. ఇంత తేటగా ఒక్కసారీ చెప్పలేకపోయాను," అన్నారు. తాతయ్య సిగ్గుపడి తలొంచుకున్నాడు. చదువుకున్న మనిషి ఆయన పక్కన అలా కూర్చోవడం నేను చూడటం అదే మొదలు.

గురజాల వెళ్లాను. బహుమతేమీ రాలేదు. కానీ తర్వాత లెక్కల టీచర్నే అయ్యాను. ఈ పిల్లకి లెక్కలు రావని ఎవరైనా నా ముందుకు తెస్తే, ఆఖరి వరస ఇంకా మిగిలే ఉందనుకుని ఇప్పటికీ ఇంకో వారం కూర్చోబెట్టుకుంటాను. ఫలానా పిల్లకి రావు అన్న మాట ఇన్నేళ్లలో నా నోటి నుంచి రాలేదు.