తవుడు గదిలో పెట్టిన కేకు

దాలమ్మ ఆమదాలవలసలో మా మావయ్య నరసింగరావు గారింట్లో వంటమనిషి. అంతకు ముందు పదకొండేళ్ళు బొబ్బిలిలో ఒక మిషను డాక్టరమ్మ దగ్గర వండింది. క్రిస్మస్ కేకు చెయ్యడం అక్కడే నేర్చుకుంది. మా ఊళ్ళో ఆ పని మరెవరికీ రాదు.

అరవైతొమ్మిదిలో క్రిస్మస్ మార్గశిర గురువారం నాడు పడింది; మా వైపు దాన్ని లక్ష్మివారమంటారు, ఇంట్లో లక్ష్మీపూజ చేస్తారు. మావయ్య బియ్యం మిల్లు లైసెన్సు చూసే ఆఫీసరు క్రైస్తవుడు. ఆ సాయంత్రం ఆయన్ని ఇంటికి పిలిచారు. కేకు బుధవారమే చేసిపెడతానని దాలమ్మ ముందే చెప్పింది. ఆమె కూతురు గున్నమ్మకు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇప్పుడు ఏడో నెల. ఈ నెలంతా లక్ష్మివారాలు గుడ్డూ చేపా ముట్టనని దాలమ్మ మొక్కుకుంది.

బుధవారం ఇసక పోసిన డేగిసాలో పిండి నింపిన రేకు డబ్బా దించి, మూత మీద నిప్పులు వేసి, మూడు గంటలు పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. కిస్‌మిస్ పళ్ళతో, మాడ్చిన పంచదార రంగుతో కేకు నిండుగా పొంగింది.

మావయ్య భార్య నీలవేణత్త దాన్ని ఇంట్లో ఉండనివ్వలేదు. గుడ్డు కలిసిన వస్తువు ఉంటే తెల్లారి లక్ష్మి గడప తొక్కదట. పెరటి వెనకే ఉన్న మిల్లులో తవుడు గదిలో పెట్టించింది.

పొద్దున్న పెరట్లోకి తెచ్చి గుడ్డ తీసి చూస్తే ఒక పక్కంతా ఎలకలు తినేశాయి. మిగిలిన దాని మీద ఏది కిస్‌మిస్సో, ఏది ఎలక పెంటికో తెలియడం లేదు. ముక్కిపోయిన తవుడు వాసన.

మావయ్య వంగి చూశాడు. "ఆ పక్క కోసీసి, పైన పంచదార పాకం పూసీ. తినీవోడికేటి తెలస్తాది?"

"సీ. ఎలకలు తిన్నది మనిసికెట్టడమేటి బాబూ?"

"అయితే ఇంకోటి సెయ్యి. బోల్డు పొద్దుంది."

"నేడు లచ్చివారం. గుడ్డు కొట్టను. రేపు పది సెయ్యమన్నా సేస్తాను."

"నీ కోసం ఆఫీసరు రేపొస్తాడేటి? పూస్తావా, పనొదులుకుంటావా?"

దాలమ్మ అత్త వైపు చూసింది. అత్త గుమ్మం లోపల పూజ పీట మీద ముగ్గు వేస్తోంది.

"పూసీయే. మనం తినీదా ఏటి? నాను తానమాడినాను, ముట్టకూడదు."

"గుడ్డుంటే రాని లచ్చిమి తల్లి, ఈ ఎలక పెంటికలుంటే వస్తాదేటి అమ్మగోరూ?"

అత్త వంగి ముగ్గు చివర్లు దిద్దుకుంది. చివరికి మావయ్యే చాకు తీసుకుని ఆ పక్క కోసేసి, పెంటికల్ని బొటనవేలి గోటితో గీకి, ఆ వేలు పంచెకి తుడుచుకున్నాడు. పైన పాకం పోసి జీడిపప్పు అద్దాడు. చూడడానికి చాలా బాగుంది. అదే మరీ అసహ్యం.

ఆఫీసరు జీపు వాకిట్లో ఆగగానే దాలమ్మ పెరట్లోంచి పళ్ళెం ఎత్తుకుని బయటికి నడిచింది. ఆయన చూస్తుండగానే కేకుని మురికి కాలవలో బోర్లించింది.

"ఎలకలు తినీసినాయి బాబూ. ఏటనుకోకండి."

మావయ్య ఒక్క క్షణం కూడా తడబడలేదు. "నేనే పారెయ్యమన్నానండి. శుభ్రం విషయంలో మా ఇల్లు అలాంటిది," అన్నాడు. ఆఫీసరు సంతోషించి అరటిపళ్ళు తిన్నాడు.

ఆయన వెళ్ళగానే మావయ్య దాలమ్మను పొమ్మన్నాడు. ఆమె అప్పటికే మూట కట్టుకుని ఉంది. "సీపురుపల్లి బండికి ఏలైంది. మా గున్న కాడికెల్తాను," అని అత్తకు చెప్పి వెళ్ళిపోయింది.

కేకులోని గుడ్డు మైల పోవాలని దాలమ్మ పళ్ళెంతో నడిచిన దారంతా పేడనీళ్ళు చల్లించి, అత్త సందె పూజకు కూర్చుంది.