మంట గుంజాల్నా, శాంతా?

ఇవాళ పొద్దున బీడీల చాట ఒళ్లో పెట్టుకుని వాకిట్లో కూర్చున్నానో లేదో, చేల వైపు నుంచి గాలి తిరిగింది. ఉడుకుతున్న పసుపు వాసన. కూరలో వేసిన పసుపు వాసన వేరు, రోట్లో దంచిన వాసన వేరు. ఇది తడిమట్టీ, ఆకూ, పొగా కలిసి గొంతుదాకా దిగే వాసన. ఈ రోజుల్లో ఆర్మూరులో ఎక్కడ నిలబడ్డా ఇదే, ఆరేసిన చీరలకీ ఇదే, తాగే చాయికీ ఇదే. పక్కన కూర్చున్న మా అత్తకు ఈమధ్య చూపు సరిగ్గా ఆనడం లేదు. తల పైకెత్తి, గట్టిగా పీల్చి, "ఎవలో కడాయి పెట్టిండ్రు. ఇంక ఉడకలే," అంది. ఆ ఒక్క మాటకు నాకు దేవదానం మామ గుర్తొచ్చాడు. చుట్టబోతున్న తునికాకు చేతిలోనే ఉండిపోయింది.

మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. చూసినా గుర్తుపెట్టుకునేంత రూపం కాదు. పొట్టి మనిషి, మోకాళ్లదాకా పంచె, గోళ్ల సందుల్లో ఎప్పుడూ పోని పసుపు. మా పక్కిల్లే. నేను సిరికొండ నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలోనే మా ఆయన మస్కట్ పోయాడు. ఆయనతో మాట్లాడాలంటే బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతు ముందు వరసలో నిలబడాలి. ఇంట్లో అత్తా నేనూ. నాకా, నోరు ఊరుకోదు. ఏడో తరగతితో బడి మానేశాను గానీ మాటలు మాత్రం మానలేదు. అందుకే గోడవతల మనుషులు నాకు తొందరగా సొంతమయ్యారు. ఆదివారం వచ్చిందంటే దేవదానం మామ తెల్ల చొక్కా తొడుక్కుని, భార్య శాంతవ్వతో కలిసి చర్చికి నడిచేవాడు. ఆయన పాట మా వీధికి వినబడేది. అందరికంటే ఒక చరణం వెనక ఉండేవాడు. అందరిదీ అయిపోయాక ఆయనది ఒక్కటే మిగిలేది. అయినా ఆపేవాడు కాదు, చివరిదాకా పాడి కూర్చునేవాడు. "గా దేవునికి గూడ మస్తు ఓపిక ఉన్నట్టుంది," అనేది మా అత్త.

వాళ్లకు పిల్లలు లేరు. ఉన్నదల్లా కొంచెం పసుపు చేను, మధ్యలో మక్కజొన్న, ఒక జత ఎద్దులు. పసుపు పండించడం ఒక ఎత్తు, ఉడకబెట్టడం ఒక ఎత్తు. చేను పక్కన పొయ్యి తవ్వి, పెద్ద ఇనుప కడాయి ఎక్కించి, కొమ్ములు మునిగేదాకా నీళ్లు పోసి, పైన ఆకు కప్పి, కింద గింజలు ఒలిచిన మక్క బెండ్లు పెట్టి మంట వేస్తారు. నురగ పొంగుతుంది, ఆవిరి తెల్లబడుతుంది, వాసన మారుతుంది. అది మారగానే కింద మంట బయటికి గుంజెయ్యాలి. ముందే గుంజితే లోపల పచ్చి మిగిలి పురుగు పడుతుంది. ఆలస్యమైతే మెత్తబడి రంగు చస్తుంది. వానాకాలం నుంచీ బిడ్డలా పెంచిన పంట ఆ కాసేపట్లో నిలవాలి, లేదా పోవాలి.

ఆ కాసేపు శాంతవ్వది. కడాయికి ఇంత దూరంలో, గాలి తగిలే వైపు గోనెసంచి మీద కూర్చునేది. మామ చేతిలో పొడుగు కట్టె. నేను వాళ్ల కల్లంలో కొమ్ములు ఏరడానికి కూలికి పోయిన మొదటిసారే ఆ తమాషా చూశాను.

"మంట గుంజాల్నా, శాంతా?"

"ఆగు. బస్సు పోతుందా నీది?"

కాసేపాగి మళ్లీ, "గుంజాల్నా?"

"ఇగ గుంజు. జల్ది గుంజు! నా మొఖం ఏం సూస్తున్నవ్?"

"నీ మొఖమే సూడాలె గద. కడాయిల ఏం కనబడ్తది, అంత పొగనాయె."

కూలివాళ్లందరూ నవ్వేవాళ్లు. "గీనకు పెండ్లాన్ని అడగంది తుమ్ము గూడ రాదు," అని మా అత్త అంటే, మామ నిజంగానే శాంతవ్వ వైపు తిరిగి, "తుమ్మాల్నా?" అని అడిగాడు. ఆవిడ గోనెసంచి తీసి ఆయన మీదికి విసిరింది.

తర్వాతి వానాకాలంలో శాంతవ్వ కోళ్ల గంప మూస్తూ మూస్తూ పడిపోయింది. పక్షవాతం. నిజామాబాద్ దవాఖానలో ఉంచి, కొంచెం తేరుకున్నాక ఇంటికి పంపారు. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. కళ్లకు అన్నీ తెలుస్తున్నాయి, నోటికి 'ఊ' ఒక్కటే వస్తుంది. ఇంటికొచ్చినప్పటి నుంచీ గోడవైపు తిరిగి పడుకుంది. ఎవరొచ్చినా తిరిగేది కాదు. మామ గంజి తాగిస్తే, మింగకుండా పెదవి పక్కనుంచి వదిలేసేది. ఎంత మాట్లాడే మనిషి, ఎంతమందిని తిట్టి పోసిన మనిషి! ఒకరోజు గోడవతల నుంచి మామ మా అత్తతో అన్నాడు, "చెల్లె, మందులు మంచిగనే పని జేస్తున్నయట. ఆమెకే బతకాలని లేదు. నేనేం జెయ్యాలె?"  

ఆయన చేసిన మొదటి పని ఆమెను చర్చికి తీసుకెళ్లడం. బండిలో గడ్డి పరిచి, పైన బొంత వేసి పడుకోబెట్టాడు. సాయం పట్టడానికి నేనూ వెళ్లాను. ఆ చర్చిలో మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క, చాపల మీద కూర్చుంటారు. మధ్యలో నడవడానికి దారి. శాంతవ్వ ఆనుకోకుండా కూర్చోలేదు. మామ ఆమెను ఆడవాళ్ల పక్క చాప మీద కూర్చోబెట్టి, తనూ వెనక కూర్చుని, తన ఛాతీకి ఆనించుకున్నాడు. ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు. సంఘపెద్ద ఒకాయన లేచి వచ్చాడు.

"దేవదానం, ఆడోళ్ల దిక్కు గిట్ల కూసునుడేంది? మన పద్ధతి ఉన్నది గద."

మామ కోపం తెచ్చుకోలేదు. ముందున్న పాస్టరుగారి వైపు చూసి, "అయ్యగారూ, పెండ్లినాడు గీన్నే నిలబెట్టి మీ ఇద్దరు ఇగ ఒక్కటే అన్నరు గద. ఒక్క మనిషిని రెండు దిక్కుల ఎట్ల కూసోబెట్టుకోవాలె?" అన్నాడు.

ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. పాస్టరుగారు తల వంచుకుని పుస్తకం తెరిచారు. పక్కనున్న ముసలమ్మ జరిగి, "జర కాళ్లు సాపుకోనియ్యి బిడ్డా ఆమెను," అంది. అంతే, అది ఆయన చోటైపోయింది. పాట మొదలైంది, ఆయన వెనకబడ్డాడు, అందరిదీ అయిపోయాక ఆమె చెవి పక్కన ఒక్కడే పూర్తి చేశాడు. శాంతవ్వ మాత్రం నేలనే చూస్తూ కూర్చుంది. ఆ సాయంత్రం కూడా గంజి మింగలేదు.

పసుపు తవ్వే కాలం వచ్చింది. కడాయి ఒక్కొక్క చేనుకూ వంతు ప్రకారం తిరుగుతుంది. మామ వంతు రోజున నులకమంచం సహా శాంతవ్వను చేలోకి తెచ్చి, గాలి తగిలే ఆమె పాత చోటులోనే దించాడు. ఆమె మొహం తిప్పేసి మక్కచొప్ప కుప్పవైపు చూస్తూ పడుకుంది. మంట వేశారు. నురగ లేచింది. మామ కట్టె పట్టుకుని మంచం దగ్గరికి వచ్చాడు.

"మంట గుంజాల్నా, శాంతా?"

జవాబు లేదు. ఆయన నిలబడ్డాడు. ఆవిరి తెల్లబడింది. మళ్లీ అడిగాడు. లేదు. అప్పుడు వాసన మారింది. నాకే తెలిసిందంటే అక్కడున్న ఎవరికి తెలియదు! నేను ఆగలేక అరిచాను.

"మామా, వాసన మారింది! మెత్తగైతది మామా!"

ఆయన నావైపు అరచెయ్యి చూపించాడు, ఊరుకోమని. పక్క చేను రాజన్న కట్టె అందుకుని పొయ్యి దగ్గరికి ఉరికాడు. "నేను గుంజుత, పక్కకు జరుగు!"

"ముట్టకు రాజన్నా," అన్నాడు మామ, అడ్డం నిలబడి. "శాంత ఇంక చెప్పలే."

"గామె చెప్పదు! పంట పాయె గదయ్యా!"

మామ కదలలేదు. మంచం పక్కన నిలబడి, తన చర్చి పాట ఒకటి సన్నగా అందుకున్నాడు. నురగ అంచులు దాటి మంటల్లో పడి సుయ్‌మంటోంది. వాసన ముదురుతోంది. మేమందరం ఆ మంచంవైపే చూస్తున్నాం. ఇంత పిచ్చిపని ఎవరైనా చేస్తారా అని నాకు ఏడుపొచ్చింది. అప్పుడు మంచం పట్టె మీద 'ధన్' మని చప్పుడైంది. శాంతవ్వ ఎడమ చెయ్యి. ఇంకో దెబ్బ. తల ఇటు తిప్పింది. ఆ కళ్లలో ఎంత కోపం! "ఊ! ఊఊ!" అంది. అది తిట్టు. మా వీధిలో ఎవర్నడిగినా చెప్తారు, అది అచ్చంగా శాంతవ్వ తిట్టు.

మామ వంగి, ఇంకా మెల్లగా అడిగాడు. "గుంజాల్నా?"

ధన్!

"గుంజుతున్న, గుంజుతున్న. కోపం జెయ్యకు."

మంట గుంజాడు. ఆ కడాయి కొమ్ములు నొక్కితే వేలు దిగేంత మెత్తబడ్డాయి. కానీ రెండో కడాయి ఎక్కించేసరికి శాంతవ్వ ఇటువైపే తిరిగి ఉంది, మొగుడి మీద నమ్మకం పోయినదానిలా కళ్లార్పకుండా. ఈసారి ఆయన అడగకముందే పట్టె మీద కొట్టింది, సరిగ్గా వాసన మారినప్పుడు. ఆ మధ్యాహ్నం కల్లంలో నేనే గంజి తాగించాను. మొత్తం మింగింది. చాలదన్నట్టు గిన్నెవైపు చూసింది.

నాకు ఆ ఒక్క సంగతి కడుపులో ఆగలేదు. కొమ్ములు ఎండబోస్తున్నప్పుడు దగ్గరికెళ్లి అడిగాను. "మామా, నిజం చెప్పు. నీకు తెల్వదా ఎప్పుడు గుంజాలెనో?"

ఆయన మంచంవైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "చిన్నప్పటి సంది మా నాయన కడాయి కాడనే పెరిగిన, నాకు తెల్వదా? గని నాకు తెల్సని ఆమెకు చెప్పకు పిల్లా. నీది అసలే రేడియో నోరు. పెండ్లైనకాడి సంది దాసిన."

 అన్నేళ్లుగా, ప్రతి కడాయికీ, తెలిసి కూడా అడిగాడన్నమాట! ఆ నవ్వులాటలన్నీ, ఆ 'బస్సు పోతుందా' లన్నీ ఆయన తెలిసీ అడిగి తెచ్చుకున్నవే. అప్పటిదాకా నాకు కొండలు చూస్తే, పోచంపాడు ఆనకట్ట చూస్తే అబ్బా అనిపించేది. ఒక మనిషిని చూసి అలా అనిపించడం అదే మొదలు.

కల్లాలు లేచాక చర్చిలో పంట పండుగ. ఎవరికి పండిన మంచిదాన్ని వాళ్లు దేవుని ముందు పెడతారు. గుమ్మడికాయలు, మక్కకంకులు, కోడిపుంజులు, మెరిసే పసుపు కొమ్ములు. మామ ఒక చిన్న మూట విప్పి పెట్టాడు. రంగు చచ్చి, ముడుచుకుపోయిన కొమ్ములు. నాకు చూడగానే తెలిసింది, ఆ మొదటి కడాయివి. సంఘపెద్ద తల వంచి చూసి, "గిదేంది దేవదానం? దేవునికి మంచియి తేవాలె గద," అన్నాడు.

"నా పంటల గింతకంటె మంచియి లేవయ్యా," అన్నాడు మామ.

ఎవరికీ అర్థం కాలేదు. చాప మీద నన్ను ఆనుకుని కూర్చున్న శాంతవ్వకు అర్థమైంది. ఆమె పెదవి ఒక పక్కకు వణికింది. ఆయన దగ్గరికి రాగానే ఎడమ చెయ్యి చాపి తెల్ల చొక్కా అంచు పట్టుకుని గుంజింది, ఇక వచ్చి కూర్చోమని.

ఆ తర్వాత ఇంకా కొన్ని పసుపు పంటలు ఆమె మంచం పట్టె దెబ్బలతోనే ఉడికాయి. ఆమె పోయాక కూడా మామ చర్చిలో ఆడవాళ్ల పక్కనే కూర్చునేవాడు, ముందు కొంచెం చోటు వదిలి. ఎవరూ లెమ్మనలేదు. పాట అయిపోయాక ఆయనది ముగిసేదాకా అందరూ ఆగేవాళ్లు, పాస్టరుగారు కూడా. పోయినేడు కడాయి పెట్టినప్పుడు అత్తా నేనూ కూలికి వెళ్లాం. వాసన మారింది. కట్టె పట్టుకుని ఆయన అలవాటుగా గాలివైపు తిరిగాడు. "గుంజాల్నా, శాంతా?" అనేశాడు. అని, అలాగే నిలబడ్డాడు.  మా అత్త పైట నోటికడ్డం పెట్టుకుని, "గుంజు అన్నా," అంది. అప్పుడు గుంజాడు. వానలు పడ్డాక ఒక పొద్దున పసుపు మొలకలు చూసుకుంటూ గట్టు మీద కూర్చున్నవాడు, కూర్చున్నట్టే పోయాడు.

బీడీల చాట పక్కన పెట్టి లోపలికి వెళ్లాను. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. నేను ఈ ఇంటికి వచ్చాక కూడా ఆ పొయ్యి అత్తదే. చూపు తగ్గాక ఆమె చేతిలోంచి గరిటె నేనే తీసుకున్నాను, చెయ్యి కాల్చుకుంటుందని. అప్పటి నుంచీ ఆమె గడప దగ్గర కూర్చుని, పిలిస్తేనే పలుకుతుంది. మూత తీసి చూశాను. పప్పు అయింది. దించడమే.

"అత్తా, దించాల్నా?"

 ఆమె తల పైకెత్తి పీల్చింది. "ఏం తొందర నీకు? ఇంక జర కానియ్యి."

మూత మళ్లీ పెట్టి, పొయ్యి పక్కనే మసిగుడ్డ పట్టుకుని కూర్చున్నాను. అడుగంటుతున్న వాసన సన్నగా మొదలైంది. గడప దగ్గర నుంచి కేక వినబడింది. "దించు, దించు! ముక్కు పని జేస్తలేదా నీకు?"

"దించుతున్న అత్తా," అన్నాను. "కోపం జెయ్యకు."